స్ప్రింగ్ బ్యాట్



2003 మార్చి 23 మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. జోహన్నెస్‌బర్గ్‌లో ప్రపంచకప్ ఫైనల్. రికీ పాంటింగ్ 140 కొట్టి నాటౌట్‌గా నిలిచాడు. ఆస్ట్రేలియా 359 చేసింది. మనం 125 పరుగుల తేడాతో ఓడిపోయాం. తర్వాత ఒక మాట ఊరూరా తిరిగింది: పాంటింగ్ బ్యాటులో స్ప్రింగ్ ఉందట, మ్యాచ్ మళ్ళీ పెడతారట! నేనూ నమ్మాను. నలుగురికి చెప్పాను కూడా. ఆ కప్పులో వాళ్ళు ఆడిన 11 మ్యాచులూ గెలిచారు. మరి అందరి బ్యాట్లలోనూ స్ప్రింగులేనా అని ఒక్కరమూ అడగలేదు.

2023 నవంబర్ 19, అహ్మదాబాద్. వరుసగా 10 మ్యాచులు గెలిచి ఫైనల్‌కు వచ్చాం. ట్రావిస్ హెడ్ వెనక్కి పరిగెత్తి రోహిత్ శర్మ క్యాచ్ పట్టాడు, ఆపైన 137 కొట్టాడు. కప్పు పోయింది. సోషల్ మీడియాలో మనవాళ్ళు ఆయన భార్యనూ పసిబిడ్డనూ కూడా తిట్టారు.

సరిగ్గా నెలకు వేలం. సన్‌రైజర్స్ హెడ్‌ను 6.80 కోట్లకు, కెప్టెన్ కమిన్స్‌ను 20.50 కోట్లకు కొనుక్కుంది. 2024 మార్చి 27న ఉప్పల్‌లో హెడ్ 24 బంతుల్లో 62 కొడితే తిట్టిన నోళ్ళే ఈలలు వేశాయి. మనిషి మారలేదు, ఆట మారలేదు. మారింది చొక్కా రంగు ఒక్కటే. అంటే మన కోపానికి కారణం ఆయన తప్పు కాదు, మన ఓటమి.

తప్పు చేస్తే తప్పు అనాల్సిందే. 2018లో కేప్‌టౌన్‌లో బంతికి గరుకు కాగితం రుద్దిన సంగతిలో స్మిత్, వార్నర్‌లకు ఏడాది నిషేధం పడింది. అది న్యాయం. కానీ బాగా ఆడటం నేరం కాదు కదా. దావీదు చేసిన నేరమేమిటి? గొల్యాతును చంపి సౌలు రాజ్యాన్నే నిలబెట్టాడు. స్త్రీల పాటలో తన లెక్క తక్కువైందని సౌలు ఈటె ఎత్తాడు. దావీదు తన పక్షంవాడే అన్న సంగతి కూడా మరిచిపోయాడు.

ఇక నా సంగతి. పక్క ఊళ్ళో ఒక చిన్న సేవకుడి సంఘం మూడేళ్ళలో మా సంఘాన్ని మించి పెరిగింది. "బయటి డబ్బు వస్తోంది లెండి" అని నేను రెండు మూడు చోట్ల అన్నాను. ఆధారమేమీ లేదు. ఒక రోజు తెల్లవారుజామున ఆ దారిన పోతుంటే, ఆయన ఒక్కడే మందిరం వాకిలి ఊడుస్తూ కనిపించాడు. నన్ను చూసి చీపురు పక్కన పెట్టి, "అయ్యగారూ, టీ తాగి పోండి" అని లోపలికి పిలిచాడు. ఆ టీ నాకు గొంతు దిగలేదు.

ఆ బయటి డబ్బే నా స్ప్రింగ్ బ్యాట్.

పక్క చేనులో వడ్లు ఎక్కువ పండితే, ఎదురింటి పిల్లకు ఉద్యోగం వస్తే మన నోటికి మొదట ఏ మాట వస్తోంది? ఈ వారం ఆ మాటను నాలుక మీదే ఆపుదాం. ఇదివరకే అనేసి ఉంటే, విన్నవాళ్ళ దగ్గరికి వెళ్ళి వెనక్కి తీసుకుందాం. నేను రెండు ఇళ్ళకు వెళ్ళివచ్చాను. మూడో ఇల్లు మిగిలి ఉంది. నా కోసం ప్రార్థించండి.