గడ్డి మనది, గ్యాస్ ఎవరిది?

కనిగిరి మెట్టకు కంపెనీ వచ్చింది. 2025 ఏప్రిల్ 2న పీసీ పల్లి మండలం దివాకరపల్లిలో రిలయన్స్ కంప్రెస్డ్ బయోగ్యాస్ ప్లాంటుకు మంత్రి నారా లోకేష్ శంకుస్థాపన చేశారు. పెట్టుబడి 139 కోట్ల రూపాయలు. రాష్ట్రమంతటా ఇలాంటివి 500 పెడతామని, 65 వేల కోట్లు వస్తాయని, రెండున్నర లక్షల మందికి ఉపాధి దొరుకుతుందని ఒప్పందం నాటి మాట. ఆ 500లో మొదటిది మన బీడు మీదే. బోరు వేస్తే ఫ్లోరైడ్, పనికోసం హైదరాబాద్, బెంగళూరు బస్సెక్కే జనం. ఇన్నాళ్లూ కనిగిరి అంటే లోకానికి తెలిసింది ఇదే. కాబట్టి సంతోషించాల్సిందే. లెక్కా అడగాల్సిందే.

బొగ్గు, డీజిల్ పోవద్దని ఎవరూ అనడం లేదు. నేపియర్ గడ్డిని గాలి చొరని ట్యాంకుల్లో కుళ్లబెట్టి, వచ్చిన వాయువును శుద్ధి చేసి ఒత్తిడితో నింపితే బండి నడుస్తుంది. మిగిలిన పిప్పి పొలానికి ఎరువు. దేశం వాడే సహజవాయువులో దాదాపు సగం దిగుమతే అయినప్పుడు ఈ గడ్డిని వెక్కిరించే పని లేదు. 2025 జూన్ నాటికి దేశంలో కరెంటు తయారుచేసే సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాస్ కాని వనరులదే అయిందని కేంద్రం గొప్పగా ప్రకటించింది. నిజమే. కానీ మన ఇళ్లకు వచ్చే కరెంటులో ఇప్పటికీ నూటికి డెబ్బై దరిదాపుల్లో బొగ్గు కాల్చి తీసిందే. మార్పు నత్తనడకన సాగుతోంది. మన పేచీ మార్పుతో కాదు, షరతులతో.

ఎందుకంటే బొగ్గు కథ మనకు తెలుసు. గోదావరి ఒడ్డున తవ్విన సింగరేణి బొగ్గు ఇబ్రహీంపట్నంలో మండింది, ముద్దనూరులో మండింది. ఓపెన్‌కాస్టులు ఊళ్లను మింగాయి. దుమ్ము గని ఊళ్లకు, వెలుగు నగరాలకు. ఈ అన్యాయం మీద ఒక ఉద్యమమే నడిచింది. అయినా ఒక్క మాట ఒప్పుకోవాలి. ఆ బొగ్గు బావి మనిషికి మసి పూసింది గానీ పర్మినెంటు కొలువూ ఇచ్చింది. యూనియన్ ఉంది, క్వార్టర్ ఉంది, సమ్మె చేసే హక్కు ఉంది. 1990ల మొదట్లో లక్షకు పైగా ఉన్న సింగరేణి కార్మికులు ఇప్పుడు 40 వేల దరిదాపులకు దిగారు. పోయిన ఆ కొలువుల స్థానంలో కొత్త ఇంధనం ఏమిస్తోంది? పక్కనే ఓర్వకల్లు దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు చూడండి. దాదాపు 6 వేల ఎకరాలు. పలకలు బిగించే దాకా మనుషులు కావాలి. బిగించాక వాటిని కడిగేవాళ్లు, కాపలావాళ్లు, కొద్దిమంది టెక్నీషియన్లు చాలు. ఎండకు యూనియన్ లేదు!

గడ్డి పని కాస్త నయం. విత్తాలి, కోయాలి, మోయాలి. కానీ ఆ కూలీ ఎవరి కింద, ఏ పద్దు కింద? ప్లాంటులో ఆపరేటర్లు, కెమిస్టులు ఎక్కడివాళ్లు? కనిగిరిలో ఐటీఐ, డిగ్రీ చదివిన పిల్లలకు ఎన్ని? రెండున్నర లక్షల్ని 500తో భాగిస్తే ప్లాంటుకు 500 మంది. ఆ 500 పేర్లు దివాకరపల్లి పంచాయతీ గోడ మీద అంటించమనండి.

కౌలు సంగతి. ప్రభుత్వ భూమికి ఎకరాకు ఏడాదికి 15 వేలు, రైతు సొంత భూమికి 31 వేలు అని పాలకులు చెప్పారు. ఒక్కో ప్లాంటుకు దాదాపు 500 ఎకరాలు. అదంతా సర్కారు బీడే అనుకుంటే ఏడాదికి 75 లక్షలు. అవి ఖజానాలో కలుస్తాయా, ఊరి మంచినీళ్లకు వస్తాయా? పైగా కాగితం మీద బీడంటే ఉత్తి నేల కాదు. అక్కడ జీవాలు మేస్తాయి. డీకేటీ పట్టా ఉన్నవాళ్లుంటారు, పట్టా లేకుండా ఏళ్ల తరబడి దున్నుకునేవాళ్లుంటారు. మేత పోయిన గొర్రెలకాపరికి ఎకరా కౌలులో వాటా రాదు.

అన్నిటికన్నా పెద్దది నీళ్ల పేచీ. నేపియర్ మొండి గడ్డే. కానీ ఏడాదికి నాలుగైదు కోతలు రావాలంటే తడి కావాలి. తాగే నీళ్లకే దిక్కులేని చోట ఆ తడి ఎక్కడిది? వెలిగొండకు 1996లో పునాదిరాయి వేశారు. 2024 మార్చిలో జంట సొరంగాలను జాతికి అంకితం చేశారు. ఆనాడు సొరంగం వచ్చింది, కాలువకు నీళ్లు రాలేదు. కృష్ణా నీళ్లు కనిగిరి చేలకు పారకముందే గడ్డి కోసం లోతైన బోర్లు దించితే పక్కపొలం కంది రైతు బోరు ఎండుతుంది. ఎన్ని బోర్లు, ఎంత లోతు, ఎవరి అనుమతి? ఇవి మొక్క నాటక ముందు తేలాలి.

1970లో కర్నూలు నుంచి మార్కాపురాన్ని, గిద్దలూరును, నెల్లూరు నుంచి కనిగిరిని తెచ్చి ఒంగోలు జిల్లా కట్టారు. ఏ పనికైనా ఒంగోలు దాకా పరుగు. 55 ఏళ్లకు, 2025 చివర్లో మార్కాపురం జిల్లా వచ్చింది. కలెక్టరు ఇప్పుడు మార్కాపురంలోనే కూర్చుంటారు. కౌలు ఒప్పందం నకలు, సర్వే నంబర్ల జాబితా, బోర్ల అనుమతులు అడగడానికి సమాచార హక్కు దరఖాస్తుకు పది రూపాయలు చాలు. విద్యార్థి సంఘాలు ఆ పని మొదలుపెట్టాలి. రెవెన్యూలో ఉన్న మన ఉద్యోగ మిత్రులు కాగితం దాచకుండా చూడాలి. మిగిలిన 499 ప్లాంట్లకు ఇక్కడి షరతులే నమూనా అవుతాయి. దివాకరపల్లిలో సంతకం ఏమని పడిందో ముందు చదువుదాం.