‘ఆడవాళ్ళలో’ అనే తోక

దేశం తరఫున ఆడి, ప్రపంచంలోకెల్లా ఎక్కువ ఫుట్‌బాల్ గోల్స్ చేసిందెవరు? పేపరును చివరి పేజీనుంచి చదివే మగవాళ్ళు మీ ఇంట్లో వుంటే అడిగి చూడండి. అరక్షణం ఆలోచించకుండా ‘రొనాల్డో’ అంటారు.

కాదు. కెనడా అమ్మాయి క్రిస్టీన్ సింక్లెయిర్. 2000లో పదహారేళ్ళ పిల్లగా జట్టులోకి వచ్చి, 2023లో సెలవు తీసుకునేలోగా 190 గోల్స్ చేసింది. ఆనాటికి రొనాల్డోవి 128. పైగా 2020లో ఆమె దాటింది కూడా మగవాడి రికార్డును కాదు, అమెరికా క్రీడాకారిణి ఆబీ వామ్‌బాక్ చేసిన 184ను.

ఈ మాట చెప్పగానే వచ్చే సమాధానం ఏమిటో తెలుసా? ‘ఓ, ఆడవాళ్ళలోనా!’

ఈ తోక మనకు కొత్తది కాదు. లేడీ డాక్టరంటాం, జెంట్స్ డాక్టరని ఎవరైనా అనగా విన్నారా? మగవాడు చేస్తే అది రికార్డు, ఆడది చేస్తే ఆడవాళ్ళ రికార్డు! ఆటలు వేరువేరుగా జరుగుతాయి కాబట్టి లెక్కలు వేరుగా వేస్తారంటే న్యాయమే. కానీ అప్పుడు తోక ఇద్దరికీ వుండాలి కదా?

ఇంకో వాదం వుంది. ‘చిన్న చిన్న దేశాలమీద కొట్టిన గోల్స్ లెండి’ అంటారు. నిజమే. సింక్లెయిర్ రికార్డు దాటింది సెయింట్ కిట్స్ అండ్ నెవిస్ అనే బుల్లి ద్వీపదేశం మీదే. మరి రొనాల్డో 2016లో ఒక్క ఆటలో నాలుగు గోల్స్ కొట్టింది ఏ మహాసామ్రాజ్యం మీద? ఆండోరా మీద! వాటిని ఎవరూ లెక్కలోంచి తీసెయ్యలేదే! అదే సింక్లెయిర్, 2012 లండన్ ఒలింపిక్స్ సెమీఫైనల్లో అమెరికా మీద ఒక్కతే మూడు గోల్స్ చేసింది. కెనడా 4-3తో ఓడిపోయిన మాట వాస్తవమే. కానీ ఆ అమెరికాయే తర్వాత బంగారు పతకం గెలుచుకుంది. ఇంతకంటే గట్టి జట్టును ఎక్కణ్ణుంచి తెమ్మంటారు?

అసలు ఆడవాళ్ళ జట్లు చాలా దేశాల్లో బలహీనంగా ఎందుకున్నాయి? 1920లో ఇంగ్లండులో ఆడవాళ్ళ మ్యాచి ఒకటి చూడటానికి 53,000 మంది వచ్చారు. మరుసటి ఏడాదే అక్కడి ఫుట్‌బాల్ సంఘం, ఈ ఆట ఆడవాళ్ళకు తగదంటూ తన మైదానాల గేట్లు మూసేసింది. అవి మళ్ళీ తెరుచుకున్నది 1971లో. బ్రెజిల్ 1941లో ఏకంగా చట్టమే చేసి, 1979దాకా ఆడనివ్వలేదు. తలుపుకు తాళంవేసి, తాళంచెవి బొడ్లో దోపుకున్నవాళ్ళే ‘ఇంకా లోపలికి రాలేదేం?’ అని అడిగినట్టు లేదూ?

ఆ నిషేధం పోయిన ఏడేళ్ళకు, 1986లో, అదే బ్రెజిల్లో పుట్టింది మార్తా. 2019 నాటికి ప్రపంచకప్ పోటీల్లో 17 గోల్స్ చేసింది. అప్పటికి మగవాళ్ళలో అందరికంటే ఎక్కువ చేసిన జర్మనీ ఆటగాడు క్లోజెవి 16. తలుపు తీస్తే ఏమవుతుందో ఇంతకంటే వేరే రుజువు కావాలా?

ఇదంతా ఎక్కడో పరదేశాల గొడవ అనుకోకండి. మన నిజామాబాద్ జిల్లా అమ్మాయి గుగులోతు సౌమ్య భారతజట్టులో ఆడుతోంది. ఆమె గోలు కొట్టినప్పుడు ‘ఆడపిల్లయినా బాగా ఆడింది’ అనే మెచ్చుకోలు మన నోట రాకూడదు. ‘అయినా’ అన్నామంటే, ఇచ్చిన దాంట్లో సగం వెనక్కి లాక్కున్నట్టే.

మనం ఊరేగింపులు తియ్యనక్కరలేదు. మీ పిల్లల జనరల్ నాలెడ్జి పుస్తకం తెరవండి. ఎక్కువ గోల్స్ చేసిందెవరన్న ప్రశ్నకు ఎదురుగా రొనాల్డో పేరుంటే, పెన్సిలు తీసుకుని ముందొక మాట చేర్చండి – ‘మగవాళ్ళలో’.