ఇంటి పాటలు, కంప్యూటరు తిప్పలు

ఈ వారం వడియాలు, ఊరగాయలు పక్కన పెట్టి కంప్యూటరు గురించి రాస్తున్నానని నవ్వుకోకండి. ఇంటర్‌తో చదువు ఆపేసినదాన్ని, నాకే వచ్చిందంటే మీకు రాదా ఏమిటి?

మా అత్తగారికి 78 ఏళ్లు. నలుగు పాటలు, మంగళహారతులు, అప్పగింతల పాటలు ఆవిడకు ఎన్ని వచ్చో లెక్కలేదు. ఒక్కటీ కాగితం మీద లేదు. ఈమధ్య ఆయాసం వచ్చి చరణం మధ్యలో ఆగిపోతున్నారు. ఇంకా ఆలస్యం చేస్తే ఆ పాటలు ఆవిడతోనే పోతాయేమోనని నాకు బెంగ పట్టుకుంది. "నానమ్మ పాటకి వెనక తంబూరా కూడా కలుపుదాం అమ్మా" అని మా అమ్మాయి తన ల్యాప్‌టాప్ ఇచ్చింది.

ముందు ల్యాప్‌టాప్‌లో ఉన్న మైకుతోనే ప్రయత్నించాం. పాట కన్నా దాని లోపలి ఫ్యాను చప్పుడే ఎక్కువ వినిపించింది. అందుకని ఒక కండెన్సర్ మైకు, ఆడియో ఇంటర్‌ఫేస్ అనే చిన్న పెట్టె కొన్నాం. మైకు నుంచి వచ్చే శబ్దాన్ని కంప్యూటరుకు అర్థమయ్యే అంకెలుగా మార్చడమే ఆ పెట్టె పని. కొట్టువాడు వేరే ఏదో వైరు అంటగట్టాడు, మళ్లీ వెళ్లి మార్చుకోవాల్సి వచ్చింది. మీరు మాత్రం మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ వైరు అని అడిగి తీసుకోండి. పాట రికార్డు చేసే ఆడాసిటీకి డబ్బు కట్టక్కర్లేదు.

అన్నీ తగిలించి కూర్చుంటే చిన్న శబ్దం కూడా రాలేదు! గంటసేపు తల పట్టుకున్నాక తెలిసింది, పెట్టె మీద 48 వోల్టుల మీట నొక్కాలట. కండెన్సర్ మైకుకు ఆ కరెంటు అందకపోతే మూగదే. అది నొక్కినా రాకపోతే రెండు చోట్ల చూడండి. ఆడాసిటీలో రికార్డింగ్ పరికరంగా ఆ పెట్టె పేరు ఎంచుకున్నారా? విండోస్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ కింద మైక్రోఫోనుకు అనుమతి ఇచ్చారా?

తర్వాత గుంయ్‌మని మోత. ఛార్జరు వైరు పీకి బ్యాటరీ మీద నడిపితే మోత పోయింది. అంటే ఇంటి ఎర్తింగులో ఏదో తేడా ఉండొచ్చన్నమాట. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపించాం. మోత పోతుంది కదా అని ప్లగ్గు మూడో పిన్ను విరగ్గొట్టే మహానుభావులుంటారు, ప్రాణం మీదికొస్తుంది, ఆ పని మాత్రం చేయకండి.

హెడ్‌ఫోన్సులో తన గొంతు తనకే కాస్త ఆలస్యంగా వినిపించేసరికి అత్తగారు తడబడిపోయారు. "ఎవరే నా వెనకాల పాడుతోంది?" అన్నారు. పెట్టె మీద డైరెక్ట్ మానిటర్ అనే మీట వేస్తే గొంతు కంప్యూటరు దాకా వెళ్లి రాకుండా నేరుగా చెవికి వినిపిస్తుంది. మా అమ్మాయి వాడే రీపర్‌లో అయితే బఫర్ సైజు 128కో 256కో తగ్గిస్తుంది. మరీ తగ్గిస్తే పేలాలు వేగినట్టు చిటపటలు వస్తాయి, అప్పుడు పెంచాలి. తంబూరా కలిపేటప్పుడు 1024 పెట్టుకున్నా నష్టం లేదు.

అసలు తప్పు నాది. మొదటి రోజు గొంతు బాగా రావాలని గెయిన్ మీటను పూర్తిగా తిప్పేశాను. అత్తగారు కళ్లు మూసుకుని వాళ్లమ్మ నేర్పిన అప్పగింతల పాట ఎక్కడా ఆగకుండా పాడారు. నాకు కళ్లు చెమర్చాయి, ఇక తెర మీద ఎర్ర గీతలు ఎవరు చూస్తారు? తీరా వింటే పైస్థాయికి వెళ్లిన చోటల్లా గొంతు పగిలిపోయి బరబరమంటోంది. అలా పగిలినదాన్ని మళ్లీ అతికించడం కుదరదన్నారు. మర్నాడు మళ్లీ పాడమంటే మూడో చరణం ఎంతకీ గుర్తు రాలేదు ఆవిడకి. "పోనీలే అమ్మాయ్" అన్నారు గానీ, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అందుకే చెబుతున్నాను, ఎంత గట్టిగా పాడినా మీటరు మైనస్ 12 దగ్గర ఉండేలా చూసుకోండి. తక్కువైతే తర్వాత పెంచుకోవచ్చు.

టైల్సు వేసిన హాలు పనికిరాదు, గొంతు గోడలకు తగిలి మోగుతుంది. మేం పడగ్గదిలో బీరువా తలుపులు తెరిచి, మంచం మీద బొంతలు పరిచి, ఫ్యాను ఆపేసి పాడించాం. పాటను వేవ్ ఫైలుగా దాచుకోండి, ఎమ్‌పీ3 చుట్టాలకు పంపడానికి చాలు. ఒక్క మైకుతో 24 బిట్‌లో చేస్తే నిమిషానికి దాదాపు 8 ఎంబీ పడుతుంది, అంతే. పెన్‌డ్రైవులో ఒకటి, బయటి హార్డ్‌డిస్కులో ఒకటి నకలు పెట్టాను.

ఇప్పటికి పదకొండు పాటలయ్యాయి. మొన్న చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ అత్తగారు ఉన్నట్టుండి ఆ మూడో చరణం అందుకున్నారు. ల్యాప్‌టాప్ తెచ్చే వ్యవధి ఎక్కడిది? చేతిలో ఉన్న ఫోనులోనే రికార్డు చేశాను. మధ్యలో కుక్కరు విజిలు కూడా పడింది. అలాగే ఉంచేశాం.