ఏ ఎండకా గొడుగు

గాలివాటు మనిషి కనిపిస్తే మా తాతగారు "వీడు ఏ ఎండకా గొడుగు పట్టే రకంరా" అనేవారు. ఆ మాటను ఇన్నాళ్ళూ తిట్టుగానే లెక్కవేశాను. మొన్న వేసవి సెలవుల్లో ఆ గొడుగు నేనే పట్టవలసివచ్చింది.

సంగతేమంటే, హైదరాబాదులో ఒక కంపెనీవారు, కొత్తగా చేరిన పిల్లలకు నలుగురిలో మాట్లాడే ధైర్యం నేర్పండంటూ నన్ను పిలిచారు. ఆ పని పేరు కోచ్. ఇరవై ఏళ్ళుగా తెలుగు పాఠాలు చెబుతున్నవాణ్ణి, ఇదొక లెక్కా అనుకున్నాను. మా ఆవిడ మాత్రం "అక్కడ ఎవర్నీ బెంచీ ఎక్కించకండి" అని హెచ్చరించి మరీ పంపింది.

కోచ్ అంటే అసలు బండి. హంగరీ దేశంలో కోచ్ అనే పల్లెలో తయారైన గుర్రపుబండ్లకు ఆ ఊరిపేరే వచ్చింది. పంతొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండు విద్యార్థులు, తమను పరీక్ష గట్టెక్కించే ప్రయివేటు మేష్టరును వేళాకోళానికి కోచ్ అన్నారు. అక్కణ్ణించి ఆ మాట ఆటలకూ, ఇప్పుడు ఆఫీసులకూ పాకింది. అయితే మాట పుట్టుక తెలిసినంత మాత్రాన పని తెలిసినట్టు కాదని మొదటిరోజే బోధపడింది.

నేను గదిలోకి వెళితే ఒక్కరూ లేవలేదు. పైగా ఓ కుర్రాడు నన్ను పేరుపెట్టి పలకరించాడు. ప్రాణం చివుక్కుమంది. అక్కడ పెద్ద అధికారినైనా పేరుపెట్టే పిలుస్తారని తరవాత తెలిసింది. సరే అని గంటసేపు ఉపన్యసించాను. తీరా చూస్తే సగంమంది చూపులు ఒళ్ళోని ఫోన్ల మీద ఉన్నాయి.

ఆ రాత్రి నాకు రహీం సాహెబు గుర్తుకొచ్చారు. సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదులో బడిపంతులు. 1950 నుంచి 1963లో కన్నుమూసేదాకా భారత ఫుట్‌బాల్ జట్టుకు కోచ్. 1952లో హెల్సింకీ ఒలింపిక్సులో మనవాళ్ళు చాలామంది వట్టికాళ్ళతో ఆడి యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడారు. 1956లో మెల్బోర్నులో బూట్లు తొడిగిన మన జట్టు నాలుగో స్థానం దాకా వెళ్ళింది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో జర్నైల్ సింగ్ అనే డిఫెండరు తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీం అతణ్ణి మూల కూర్చోబెట్టలేదు. చోటు మార్చి ముందువరసలో ఆడించారు. ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-1తో గెలిచి మనకు బంగారు పతకం వచ్చింది, ఆ రెండు గోల్స్‌లో ఒకటి అతనిదే. పాఠం కన్నా ముందు మనిషిని చూడాలన్నమాట.

మర్నాటి నుంచి ఉపన్యాసం కట్టిపెట్టి, అందరితో కలిసి కుర్చీ వేసుకుని, అడగడం, వినడం మొదలుపెట్టాను. పిల్లలు నెమ్మదిగా నోరు విప్పారు. శ్రీకాకుళం జిల్లానుంచి వచ్చిన ఓ అమ్మాయి, తన యాస విని తోటివాళ్ళు నవ్వుతున్నారనీ, అందుకే మీటింగుల్లో మాట్లాడననీ ఒంటరిగా చెప్పుకుంది.

అప్పుడు చేశాను పొరపాటు. మేనేజరుతో టీ తాగుతూ "పాపం, ఆ పిల్ల సంగతి కాస్త చూడండి" అన్నాను. ఆయనా మంచివాడే. మర్నాడే మీటింగులో "ఎవరి యాసనూ వెక్కిరించకూడదు" అని గట్టిగా చెప్పాడట. అందరి తలలూ ఆ అమ్మాయి వైపే తిరిగాయట. సాయంత్రం ఆమె నా దగ్గరకు వచ్చి, "నేను మీతో చెప్పుకున్నాను సార్, కంపెనీతో కాదు" అంది. ఎదురుచెప్పడానికి నా దగ్గర మాట లేదు. క్షమించమన్నాను.

తరవాత మేనేజరు దగ్గరకు వెళ్ళి, ఇకమీదట ఆ గదిలో పిల్లలు చెప్పుకున్నది వాళ్ళు ఒప్పుకుంటే తప్ప బయటికి రాదని తేల్చి చెప్పాను. "డబ్బు ఇచ్చేది మేమే కదండీ" అన్నాడాయన. "బండి బాడుగ మీదేనండీ, కానీ ఎక్కి కూర్చున్నది వాళ్ళు" అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి సరేనన్నాడు.

ఆ అమ్మాయి రెండు వారాలు నా గదికి రాలేదు. మూడోవారం వచ్చింది గానీ ఆచితూచి మాట్లాడింది. ఆఖరి వారంలో మీటింగులో తన యాసలోనే నాలుగు మాటలు చెప్పిందని విన్నాను. ఆ గొప్ప నాది కాదు. నా వల్ల ఆలస్యమైందేమోనన్న అనుమానం మాత్రం ఇంకా పీకుతూనే ఉంది.

కొత్తచోటికి పోయినప్పుడు పిలుపూ, కుర్చీ, గంటా అన్నీ మార్చుకోవచ్చు, తప్పులేదు. నమ్మి చెప్పిన మాటను దాచడం మాత్రం ఏ ఊళ్ళోనైనా మారకూడదు. మా తాతగారు తిట్టింది గొడుగు తిప్పడాన్ని కాదేమో. కిందనున్నవాణ్ణి ఎండకు వదిలెయ్యడాన్నేమో!