సంపాదకుని మాట: విసుగొచ్చినా చదవండి

బెంగళూరు హెబ్బగోడి పీజీ గదుల్లో ఉంటున్న మన కుర్రాళ్లకు 'అంపశయ్య' ఇస్తే ఇరవై పేజీలకే పక్కన పెట్టేయొచ్చు. వాళ్ల తప్పేం లేదు. 1969లో వచ్చిన ఈ నవలలో కథ పరుగెత్తదు. ఉస్మానియా హాస్టల్లో రవి అనే విద్యార్థి బుర్రలో ఒక్కరోజు తిరిగిన ఆలోచనలే అంతా. డబ్బులకు కటకట, ఆడపిల్లల ముందు బిడియం, చదువు బెంగ, అన్నీ కలగాపులగంగా. ఓపిక పడితే మాత్రం, మనసు తనకు తానే ఎక్కడ అబద్ధం చెప్పుకుంటుందో పట్టుబడుతుంది. వ్యక్తిత్వ వికాస పుస్తకాలు ఎన్ని చదివినా ఆ చూపు రాదు. (ఆ నవల పేరే ఇంటిపేరై, రచయిత అంపశయ్య నవీన్ అయ్యారు!) మెట్రోలో రోజుకు పది పేజీలు చదవండి. ఎక్కడ విసుగొచ్చిందో మాకు రాయండి, మొహమాటం లేకుండా.