అతుకుల తారతమ్యము

లోహములను గూర్చి ముచ్చటించునపుడు మనవారు వాని గట్టితనమును పొగడుదురు గాని అతుకును తలపెట్టరు. అయినను గిన్నె కాఱునది తఱచుగా అతుకువద్దనే. ఇటీవల విద్యార్థుల తల్లిదండ్రులు కొందఱు, చేతిపనుల తరగతిలో టంకము పెట్టుటయు కొలిమిపనియు మాని, ఎలక్ట్రిక్ వెల్డింగు మాత్రమే నేర్పవలెనని కోరుచున్నారు. ఆ కోరిక జీవనోపాధికి సంబంధించినది గనుక త్రోసివేయదగినది కాదు. అయినను అతుకుల తారతమ్యమును విచారింపక తీర్పు చెప్పుట మాకు సమ్మతము కాదు.

టంకము పెట్టునపుడు మూలలోహము కరగదు. తగరము 232 డిగ్రీల సెంటిగ్రేడు వేడికిని, సీసము 327 డిగ్రీలకును కరగును. రెంటిని తగిన పాళ్లలో కలిపినచో 183 డిగ్రీలకే కరగుట వింత. కరగిన టంకము శుభ్రమైన రాగిపై నీటివలె ప్రాకును. మురికిపై ముత్యములవలె ముద్దగట్టి దొర్లును. లోహశుద్ధి యన నేమో బాలు డీ యొక్క దృశ్యమువలననే గ్రహించును. సీసము విషమగుటచే పాఠశాలలో సీసములేని టంకమునే వాడుట మేలు. దానికి వేడి కొంచె మెక్కువ కావలెను.

ఇత్తడితో అతుకుట యంతకంటె బలమైనది. పగిలిన పోతయినుప పంపును ఎలక్ట్రిక్ వెల్డింగుతో అతికించి, కొలదిదినములకే ప్రక్కన మరల పగిలెనని వగచు రైతులు కలరు. తప్పంతయు పనివానిది కాదు. పోతయినుములో నూటికి రెండుపాళ్లకు మించి కర్బనముండును. ఒకచోట మిక్కిలి వేడెక్కి త్వరగా చల్లాఱినచో అచ్చట గాజువలె పెళుసగును. ఇత్తడికడ్డీతో, వెలిగారము చల్లి, తక్కువ వేడిమీద అతికినచో ఆ యుపద్రవము చాలవఱకు తప్పును.

కమ్మరి యతుకు మన దేశమున మిగుల ప్రాచీనము. ఢిల్లీలోని ఇనుపస్తంభము ఆఱు టన్నులకు మించిన బరువు గలది. అది యొక్క పోత కాదు. సుమారు 1600 సంవత్సరములకు పూర్వము ముద్దవెంట ముద్దను కాచి సమ్మెటలతో అతికి చేసినది. ఇనుము ఏ వన్నెకు వచ్చినప్పుడు కొలిమినుండి తీయవలెనో కమ్మరి కంటికే యెఱుక.

ఇక ఎలక్ట్రిక్ ఆర్కు. 1881లో బెనార్డోస్ కర్బనపు కడ్డీతో దీనిని సాధించెను. 1888లో స్లావ్యానోవ్ లోహపు కడ్డీనే కరగించి అతికెను. ఇందు రెండంచులును కరగి యొక్కటి యగును గనుక బలమునందు గొప్పదే. కాని 1943 జనవరిలో అమెరికాలో స్కెనెక్టడీ యను క్రొత్త నూనెయోడ, రేవులో నిశ్చలమైన నీటిపై నుండగానే, మహాధ్వనితో నడిమికి చీలెను. ఉక్కు పెళుసుగా నుండెను, అతుకులలో లోపములుండెను. వెల్డింగు చేసిన యోడలో పుట్టిన పగులు పలకనుండి పలకకు పరుగెత్తును. రివెట్లు కొట్టిన యోడలో పలక యంచువద్ద సాధారణముగా ఆగిపోవును. అదే సంవత్సరమున తెఱచిన హౌరా వంతెన రివెట్లతో కట్టినది. నేటికిని భారము మోయుచున్నది. దీనినిబట్టి వెల్డింగు చెడ్డదని మే మనము. ఉక్కును మార్చి, పనిని పరీక్షించి, నేడు గొప్ప ఓడలను వెల్డింగుతోనే కట్టుచున్నారు.

మా యభిప్రాయ మిది: వెల్డింగు నేర్పవలసినదే, గాని మొదటి సంవత్సరమున కాదు. ఆర్కు అతుకు పైకి నునుపుగా కనబడి లోపల డొల్లగా నుండవచ్చును. బాలునకు అది తెలియదు, ఒక్కొక్కప్పుడు గురువునకును తెలియదు. టంకము అబద్ధమాడదు, నీరు పోసిన తోడనే కాఱి తప్పును చూపును.

మఱియొక మాట. ఆర్కు వెలుగును ముసుగు లేక చూచినవానికి ఆ రాత్రి కండ్లలో ఇసుక పోసినట్లు మంట పుట్టును. జింకుపూత గల గొట్టములను అతుకునపుడు లేచు తెల్లని పొగను పీల్చినచో జ్వరము వచ్చును. కావున నల్లటద్దముల ముసుగులు, తోలు చేతొడుగులు, గాలి యాడు చోటు సమకూర్చిన పిమ్మటనే యంత్రమును కొనుడని పాఠశాలాధికారులను కోరుచున్నాము. ధనము చాలనిచో యంత్రమును మఱుసటి యేటికి వాయిదా వేయుడు, ముసుగులను వేయవలదు.