దాలి సెగన చాక్లెట్టు

తణుకునుంచి ఒక పాఠకురాలు వ్రాసిన ఉత్తరం నా ముందు వుంది. అమెరికాలో వున్న కూతురు సెలవులకు వస్తూ స్లో కుక్కరు అనే విద్యుత్ పాత్ర ఒకటి తెచ్చిందట. అందులో చాక్లెట్టు కరిగించి, అందరం చుట్టూ కూచుని, పళ్ళముక్కలు పుల్లలకు గుచ్చి ముంచుకు తిందామని మనుమలు ఒకటే గొడవ. దాని పేరు ఫాండ్యూ అట. ఇంట్లో ఎనభై ఏళ్ళ అత్తగారున్నారు. ఆవిడ అడిగింది ఒక్కటే మాట: ‘‘పదిమందీ ఒకే గిన్నెలో ముంచితే అది ఎంగిలి కాదుటే?’’ అమ్మాయికి కోపం వచ్చింది. పెద్దావిడ ఆ పూట బల్ల దగ్గరికే రానన్నారు. ‘‘చాక్లెట్టు సంగతి తరువాత, వీళ్ళిద్దరినీ ఒకచోట కూచోబెట్టే ఉపాయం చెప్పండి’’ అంటారు ఈ సోదరి.

కాలేజీలో తెలుగు చెప్పుకునే నన్ను వంటకం గురించి అడిగారేమిటని మొదట అనుకున్నాను. తీరా ఆలోచిస్తే సగం చిక్కు ‘ఎంగిలి’ అన్న మాటలోనే వుంది. అయితే ముందు వంటకం పుట్టుపూర్వోత్తరాలు చూద్దాం.

ఫాండ్యూ అంటే ఫ్రెంచి భాషలో ‘కరిగినది’ అని అర్థం. అసలు ఫాండ్యూ తీపి వంటకం కాదు. స్విట్జర్లండులో జున్నును ద్రాక్షసారాయితో కరిగించి, పొడుగాటి ముళ్ళగరిటెకు రొట్టెముక్క గుచ్చి, అందులో ముంచుకు తింటారు. 1930లలో అక్కడి జున్ను వ్యాపారుల సంఘం అమ్మకాలు పెంచుకోవడానికి దీన్ని జాతీయ వంటకమని ఊరూరా చాటింది. తరతరాల ఆచారమని మనం అనుకునే వాటిలో కొన్నిటి వెనుక ఇలా ఒక దుకాణం వుంటుంది! ఇక చాక్లెట్టు ఫాండ్యూ స్విట్జర్లండులో పుట్టనే లేదు. 1960లలో న్యూయార్కులో షాలే స్విస్ అనే భోజనశాల నడిపిన కాన్రాడ్ ఎగ్లీ అనే స్విస్ పెద్దమనిషి దాన్ని వాడుకలోకి తెచ్చాడు. కనుక ఆ అమ్మాయి తెచ్చిన వంటకం, పాత్ర రెండూ అమెరికావే.

పాత్ర కథ ఇంకా బాగుంటుంది. ఇర్వింగ్ నాక్సన్ అనే అమెరికా యూదుడు దీనికి 1940లో పేటెంటు పొందాడు. అతని తల్లి చిన్నప్పుడు లిథువేనియాలో వుండేవారు. యూదులకు శుక్రవారం పొద్దుగుంకింది మొదలు శనివారం పొద్దుగుంకేదాకా పొయ్యి రాజెయ్యకూడదు. అందుచేత శుక్రవారం సాయంత్రమే చిక్కుళ్ళూ మాంసమూ వేసిన కుండను రొట్టెలవాడి పొయ్యికి చేరిస్తే, ఆరిపోతున్న ఆ పొయ్యి వేడికే రాత్రంతా ఉడికి మర్నాటికి సిద్ధంగా వుండేది. తల్లి చెప్పిన ఈ ముచ్చట విని కొడుకు విద్యుత్ కుండ తయారుచేశాడు. 1970లో ఒక కంపెనీ దాన్ని కొని, మరుసటి ఏడు ‘క్రాక్‌పాట్’ అనే పేరుతో అమెరికా ఇళ్ళలో ప్రవేశపెట్టింది.

పెద్దావిడకు ఈ పాత్ర కొత్త అని అమ్మాయి అనుకుంటూ వుండవచ్చు. కాదు. ఆవిడ దాలి చూసిన మనిషి. పెరట్లో గుంటలో పిడకలు పేర్చి, నిప్పు వేసి, పైన పాలకుండ పెడితే పొద్దుటినుంచి సాయంత్రందాకా నివురుగప్పిన సెగకు పాలు కాగి కాగి ఎర్రబడి, పైన అరంగుళం మీగడ కట్టేది. పొంగదు, మాడదు, ఎవరూ కాపలా వుండనక్కరలేదు. నాక్సన్ గారి కుండ చేసే పని సరిగ్గా ఇదే. ఆ పాత్ర ఏమిటని ఆవిడ అడిగితే, ‘కరెంటు దాలి’ అని చెప్పమనండి. ఆ ఒక్క మాటతో సగం పరిచయం అయిపోతుంది.

ఈ పాత్రను ప్లగ్గులో పెట్టబోయేముందు ఒక ముఖ్యమైన సంగతి వుంది. అమెరికా ఇళ్ళలో కరెంటు 120 వోల్టులు. మనది 230. పాత్ర అడుగున ‘120 వోల్టులు’ అని మాత్రమే వుంటే దాన్ని నేరుగా మన గోడకు తగిలించకూడదు. వోల్టేజీ రెట్టింపుకు కాస్త తక్కువేగదా, ఏమవుతుందిలే అనుకోకండి. వేడి ఆ లెక్కన పెరగదు, దాదాపు మూడున్నర రెట్లు దాటుతుంది. 200 వాట్ల పాత్ర 730 వాట్లకు పైగా లాగుతుంది. లోపలి తీగ మాడుతుంది, పింగాణీ పగులుతుంది, నిప్పంటుకున్నా ఆశ్చర్యం లేదు. బజారులో దొరికే చిన్న అడాప్టరు ప్లగ్గు కాళ్ళ ఆకారాన్ని మార్చుతుందేగాని వోల్టులను తగ్గించదు. కావలసింది స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు. 200 వాట్ల పాత్రకు 300 వాట్లది తీసుకోండి. అది లేకపోతే పాత్రను అటకమీద పెట్టి, వెడల్పు గిన్నెలో వేడినీళ్ళు పోసి, దానిలో మరో గిన్నె నిలిపి, సన్నమంట మీద చాక్లెట్టు కరిగించుకోండి. రుచిలో రవ్వంత తేడా వుండదు.

ఇక చెయ్యడం. ఎనిమిదిమందికి 400 గ్రాముల చాక్లెట్టు, 250 మిల్లీలీటర్ల తాజా క్రీము చాలు. చాక్లెట్టు కొనేటప్పుడు పొట్లం వెనుక సన్న అక్షరాలు చదవండి. కోకో వెన్న అని వుంటే అది చాక్లెట్టు. దాని బదులు ఏదో వనస్పతి పేరు వుండి, ముందు ‘కాంపౌండ్’ అని వుంటే అది చాక్లెట్టు వేషం వేసుకున్న కొవ్వు. చవకే, సులభంగానే కరుగుతుంది, కాని తిన్నాక నాలుకమీద కొవ్వొత్తి పూసినట్టు వుంటుంది. కోకో వెన్న 34 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర కరుగుతుంది. మన నోటి వేడి అంతకన్న రవంత ఎక్కువ. చాక్లెట్టు నోట్లో వేసుకోగానే మాయమైపోయే సుఖమంతా ఆ రెండు మూడు డిగ్రీల తేడాలోనే వుంది. కోకో సగందాకా వున్న నల్ల చాక్లెట్టు అయితే పళ్ళ తీపితో చక్కగా కుదురుతుంది. పాల చాక్లెట్టు పిల్లలకు ఇష్టమే, అయితే అది తొందరగా మాడుతుంది గనుక మరింత కనిపెట్టి చూడాలి.

చాక్లెట్టును సన్నగా తరిగి, పొడిగా తుడిచిన పాత్రలో వేసి, క్రీము పోసి, ‘లో’ అని వున్నచోటికి మీట తిప్పండి. పది నిమిషాలకొకసారి కలపండి. ముప్పావుగంటలో, మహా అయితే గంటలో, నునుపుగా అయిపోతుంది. అవగానే మీట కట్టెయ్యండి. ‘లో’ అని వుంది గదా, ఏం మాడుతుందని నిద్రపోకూడదు. ఈ పాత్రల్లో ‘లో’ అయినా ‘హై’ అయినా చివరికి మరుగువేడి దరిదాపులకే చేరుతాయి. ఒకటి నెమ్మదిగా నడిచిపోతుంది, ఒకటి పరుగెత్తుతుంది, అంతే. చాక్లెట్టుకేమో 50 డిగ్రీలు దాటితేనే నచ్చదు. మీట కట్టేసినా ఆ మందపాటి పింగాణీ చాలాసేపు వేడి నిలుపుకుంటుంది, మనకు కావలసిందీ అదే. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, వేడిగా వున్న ఆ పింగాణీ గిన్నెలో చన్నీళ్ళు పొయ్యకూడదు, పగులుతుంది.

క్రీము లేకుండా ఒట్టి చాక్లెట్టు కరిగించేవాళ్ళకు ఒక భయం వుంది. ఎక్కడినుంచో నాలుగు చుక్కల నీళ్ళు పడితే చాలు, అంతవరకు నూనెలా జారుతున్నది కాస్తా ఇసుకముద్దలా బిగుసుకుపోతుంది. నీళ్ళు పడితే పల్చబడాలిగాని బిగుసుకోవడమేమిటి? పంచదార డబ్బాలో తడిచెంచా పెట్టి చూడండి. తడి తగిలిన చోట గడ్డకడుతుంది. అదే పంచదారను గ్లాసెడు నీళ్ళలో వేస్తే కరిగిపోతుంది. చాక్లెట్టంటే కోకో వెన్నలో తేలే సన్నటి పంచదార, కోకో పొడి. కొంచెం తడి తగిలితే అవి ఒకదానికొకటి అంటుకుంటాయి. తడి ఎక్కువైతే మళ్ళీ విడిపోతాయి. కనుక ముద్దకట్టిందని పారబొయ్యకండి. గోరువెచ్చని పాలు చెంచా చెంచా పోస్తూ కలిపితే దారికి వస్తుంది. క్రీము ముందే పోసివుంటే ఈ బాధ లేదు. మూతమీద చేరిన ఆవిరి చుక్కలు రాలినా ఏమీ కాదు.

ముంచుకోవడానికి ఏమేమి? పుస్తకాలు స్ట్రాబెర్రీలు అంటాయి. దొరికితే మంచిదే. గోదావరి జిల్లాల్లో వుంటూ చక్కెరకేళి వదిలి స్ట్రాబెర్రీకోసం వెతకడమెందుకు? మరీ మగ్గనిది చూసి ముక్కలుగా కోసి, అరగంట ఫ్రిజ్‌లో పెట్టి తియ్యండి. చల్లటి ముక్కకు చాక్లెట్టు గట్టిగా పడుతుంది. లేత కాకుండా ముదరకుండా వున్న పచ్చికొబ్బరి ముక్కలు దీనికోసమే పుట్టాయా అన్నట్టుంటాయి. పళ్ళముక్కల తడి శుభ్రంగా తుడవాలి. అమెరికాలో ఉప్పటి ప్రెట్జెల్ ముంచుతారు; మన ఇంట్లో కారం లేని జంతిక వుంది. నమ్మనివాళ్ళు ఒక్కటి ముంచి చూడండి. పిల్లలడిగే మార్ష్‌మాలో మాత్రం జాగ్రత్త. అందులో మామూలుగా వేసే జెలటిను జంతువుల ఎముకలనుంచీ చర్మంనుంచీ తీసేది. శాకాహారుల ఇంట్లో, పొట్లంమీద ఆకుపచ్చ చుక్క వున్నదో లేదో చూసి మరీ కొనాలి. పెద్దావిడ ప్లేటులో అది తెలియకుండా పడిందంటే, ఎంగిలి గొడవ దానిముందు ఏపాటిది!

ఇప్పుడు ఎంగిలి. ఇంగ్లీషులో ఈ మాటకు సరైన మాట లేదు. అందుచేత అమెరికాలో పెరిగిన పిల్లలకు ఇది వట్టి చాదస్తంగా కనిపించడం సహజమే. ఎంగిలి అంతా ఆరోగ్యశాస్త్రమని నేను గొప్పలు చెప్పబోను. పనిమనిషి గ్లాసు వేరే గూట్లో పెట్టిన ఇళ్ళలో కూడా ఈ మాటే చాటుగా నిలబడింది, దాన్ని సమర్థించలేం. కాని ఇక్కడ పెద్దావిడ అడిగింది అది కాదు. నోట్లో పెట్టుకున్న పుల్ల మళ్ళీ అందరి గిన్నెలోకి వెళ్తుందా అని అడిగారు. మర్యాద తెలిసిన యూరపువాళ్ళు కూడా వెళ్ళకూడదనే అంటారు! ముంచే ముళ్ళగరిటె పెదవికి తగలకూడదు. ముక్కను ప్లేటులోకి దించి, వేరే ఫోర్కుతో తినాలి. అంటే ఎనభై ఏళ్ళ తణుకు ఇల్లాలూ ఫాండ్యూ మర్యాదలు చెప్పేవాళ్ళూ ఒకే మాటమీద వున్నారు, మధ్యలో కోపం తెచ్చుకున్నది అమ్మాయి ఒక్కతే.

కనుక ఇలా చెయ్యండి. చాక్లెట్టు తయారవగానే, ఎవరూ ముంచకముందే, శుభ్రమైన గరిటెతో పెద్దావిడకు ఒక చిన్న గిన్నెలో పోసి ఇవ్వండి. అలాగే కావలసినవాళ్ళందరికీ. పప్పు వడ్డించినట్టే. చల్లారుతుందని బెంగ వద్దు. మన వేసవిలో చాక్లెట్టు గట్టిపడడానికే కష్టపడుతుంది. పిల్లల సరదాకోసం పాత్రలో మిగిలినదాన్ని వాళ్ళ ముందుంచి, మనిషికి రెండు పుల్లలివ్వండి, ముంచడానికొకటి, నోటికొకటి. స్విట్జర్లండులో గిన్నెలో రొట్టెముక్క జారవిడిచినవాడికి ఏదో ఒక జరిమానా వేస్తారు. మీ ఇంట్లో ముక్క జారినవాళ్ళు ఒక తెలుగు పద్యం అప్పజెప్పాలని పెట్టండి. రానివాళ్ళకు నేర్పవలసింది తాతమ్మ. అప్పుడు ఆవిడ బల్ల దగ్గరికి రాకపోతే ఆట సాగదు. ఈ షరతు మాత్రం మనుమలచేత అడిగించండి, మీరు అడగకండి.

పిల్లలు తినేటప్పుడు వాళ్ళకు ఇంకొక సంగతి చెప్పవచ్చు. మన దేశంలో కోకో పంటకు ఆంధ్రప్రదేశ్‌ది మొదటి స్థానం, అందులోనూ ఏలూరు, పశ్చిమగోదావరి ప్రాంతాలది పెద్దపాలు. కొబ్బరి, పామాయిల్ తోటల నీడన చెట్టు మానుకే అంటుకుని కాయలు కాస్తాయి. కాయ పగలగొట్టి, తెల్లటి గుజ్జుతోసహా గింజలను వారంరోజులపాటు పులియబెట్టి ఎండబెడతారు. పులియకపోతే చాక్లెట్టు వాసనే రాదు. 2024లో ప్రపంచ మార్కెట్టులో కోకో టన్ను పదివేల డాలర్లు దాటింది. 2025లో ధర పడిపోయి, ఇక్కడి రైతులు గిట్టుబాటుకోసం రోడ్డెక్కారు. వీలుంటే పిల్లలను ఒక సాయంత్రం ఆ తోటల్లోకి తీసుకువెళ్ళండి. ఆ గుజ్జు తియ్యగా పుల్లగా వుంటుంది, చాక్లెట్టు జాడే వుండదు.

చివర మిగిలిన చాక్లెట్టును, పిల్లలు ముంచనిదైతే, క్రీము వున్నది గనుక రెండుగంటలకు మించి బయట వుంచక ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాడు ఒక చెంచా తీసి కాగిన పాలలో కలిపి ఇస్తే పిల్లలు మారుమాట్లాడకుండా తాగుతారు.